చిన్న తెరచాప బోటులో మొరాయించే తలుపు లాచ్‌ను మార్చడం: మొదటి స్క్రూ నుంచి చివరి పరీక్ష దాకా

మా అత్తయ్యగారు గోదావరి ఒడ్డున పెరిగిన మనిషి. పడవ ఊగితే భయపడరు. హ్యూస్టన్ వచ్చిన రెండో వారం మాతో పాటు దగ్గర్లోని కీమా ఊరి నుంచి గాల్వెస్టన్ బే అనే అఖాతం మీదికి వచ్చారు. గంట తర్వాత హెడ్‌లోకి, అంటే బోటులోని టాయిలెట్‌లోకి వెళ్లారు. కాసేపటికి లోపలి నుంచి మాట వినిపించింది: "బాబూ, ఇది తిరుగుతోంది గానీ తలుపు రావడం లేదు."

బయటి నాబ్ తిప్పి చూశాను. అదీ తిరుగుతోంది, నాలుక, అంటే చట్రంలోకి దూరి తలుపును పట్టి ఉంచే ముక్క, మాత్రం కదలడం లేదు. చివరికి తలుపు బందుల పిన్నులు కింది నుంచి కొట్టి ఊడదీసి, తలుపు రెక్క మొత్తం పక్కకు లాగాం. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. జూన్ ఎండలో, కిటికీ లేని ఆ అరలో ఆవిడ అంతసేపు నిలబడ్డారు.

తర్వాత లాచ్ మార్చాను. చిన్న బోటు ఉన్న మనవాళ్లు ఎలా మార్చావని అడిగిన ప్రతిసారీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇక్కడ మొత్తం వరసగా రాస్తున్నాను.

నేను తీసుకున్న ఉదాహరణ మా బోటే. 27 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ బోటు. హెడ్ తలుపు 19 మి.మీ. మందం టేకు ప్లైవుడ్, బయటికి, అంటే క్యాబిన్ నడవలోకి తెరుచుకుంటుంది. పాతది తలుపు అంచులోకి దూర్చిన గుండ్రటి నాబ్ లాచ్. మీ బోటు 22 అడుగులదైనా 30 అడుగులదైనా పని వరస ఇదే. రెండు పొద్దుటి పూటలు కేటాయించుకోండి, మధ్యలో ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు, ఆరడానికి ఒక రోజు వదిలిపెట్టండి.

1. ముందు తప్పు ఎవరిదో తేల్చండి

కొత్త లాచ్ కొనేముందు ఒక గంట ఇక్కడ ఖర్చు పెట్టండి. ఈ గంట పెట్టనివాళ్లు ఆరు నెలల్లో రెండో లాచ్ కొంటారు.

తలుపు పడకపోతే మన చూపు వెంటనే లాచ్ మీదికి పోతుంది. కానీ తలుపు కిందికి జారినా, చట్రం మూలలు పక్కకు లాగినా, చెమ్మకు చెక్క ఉబ్బినా నాలుక తన గూటిలోకి వెళ్లదు. అప్పుడు మనం తలుపును భుజంతో నెట్టి మూస్తాం, నాబ్‌ను బలంగా తిప్పుతాం. లాచ్ విరిగేది అలాగే.

బోటు తలుపు చట్రం ఇంటి గుమ్మం లాంటిది కాదు. చాలా చిన్న బోట్లలో మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, పక్కల నుంచి పట్టి ఉంచే ఉక్కు తాళ్లు, అంటే ష్రౌడ్‌లు, లోపల బల్క్‌హెడ్ అనే అడ్డగోడకు బిగించి ఉంటాయి. హెడ్ తలుపు ఉండేది సాధారణంగా ఆ గోడ పక్కనే, లేదా ఆ గోడలోనే. గాలి పట్టి బోటు ఒరిగినప్పుడు ఒకవైపు తాళ్లు గోడను పైకి లాగుతాయి. చట్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు మూలకు జరుగుతుంది. ఒడ్డున నున్నగా పడే తలుపు నీటి మీద బిగుసుకుపోయేది ఇందుకే.

పరీక్షలు ఈ వరసలో చేయండి:

- తలుపు సగం తెరిచి, నాబ్ ఉన్న చివర పట్టుకుని పైకి ఎత్తండి. కదలిక ఉంటే బందుల స్క్రూలు వదులయ్యాయి. ముందు వాటిని సరిచేయండి.
- తలుపు మూసి, చుట్టూ సందులో ఒక పోస్టుకార్డు ముక్క జరపండి. ఎక్కడ ఆగుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.
- అదే పరీక్ష నీటి మీద, బోటు ఒకవైపు ఒరిగినప్పుడు, తర్వాత రెండోవైపు ఒరిగినప్పుడు చేయండి. గుర్తులు మారితే చట్రం కదులుతోందని అర్థం.
- లాచ్‌ను తలుపు నుంచి ఊడదీసి చేతిలో పట్టుకుని తిప్పండి. చేతిలో నాలుక చురుగ్గా ఆడుతూ, తలుపులో మాత్రం ఆడకపోతే తప్పు లాచ్‌ది కాదు.

ఒక్క హెచ్చరిక. మీ మాస్ట్ డెక్ మీద నిలబడేదైతే దాని బరువంతా కింద కంప్రెషన్ పోస్ట్ అనే నిట్టాడి మోస్తుంది. ఆ నిట్టాడి మొదలు బిల్జ్‌లో, అంటే బోటు అడుగు భాగంలో, చేరిన నీటిలో నాని కుళ్లితే డెక్ కొద్దికొద్దిగా కుంగుతుంది, హెడ్ తలుపు పైఅంచు బిగుసుకోవడం మొదలవుతుంది. మాస్ట్ చుట్టూ డెక్ పళ్లెంలా లోపలికి పోవడం, ష్రౌడ్‌లు ఎన్నిసార్లు బిగించినా మళ్లీ వదులవడం దీనికి తోడు కనిపించే గుర్తులు. అలాంటప్పుడు తలుపు పైఅంచు చిత్రిక పట్టి ఊరుకోకండి. లాచ్ పని ఆపి, నిట్టాడి సంగతి చూపించుకోండి.

మా బోటులో తప్పు రెండింటిదీ. పై బందు స్క్రూలు వదులు. లాచ్ లోపల నాలుకను లాగే చిన్న జింక్ మిశ్రమం ముక్క ఉప్పుగాలికి పొడిపొడిగా రాలిపోయింది. పైన క్రోమ్ పూత మాత్రం మెరుస్తూనే ఉంది.

2. కొలతలు తీసుకోండి

ఇక్కడ ఊహలు పనికిరావు. కాగితం మీద రాసి, పక్కన స్కేలు పెట్టి ఫోన్లో ఫోటో తీసుకోండి.

- తలుపు మందం, మూడు చోట్ల. పాత ప్లైవుడ్ అంచు దగ్గర ఉబ్బి ఉంటుంది.
- తలుపు అంచు నుంచి నాబ్ కడ్డీ నడిమధ్యకు ఉన్న దూరం. దీన్నే బ్యాక్‌సెట్ అంటారు.
- నాబ్‌లను కలిపే చదరపు కడ్డీ మందం.
- తలుపుకీ చట్రానికీ మధ్య సందు. చుట్టూ 3 మి.మీ. ఉంటే బాగున్నట్టు.
- చట్రం ముఖం వెడల్పు, కీపర్ (నాలుక వెళ్లి కూర్చునే గూడున్న ముక్క) బిగించడానికి చోటు ఎంత ఉందో.
- తలుపు పూర్తిగా తెరిచినప్పుడు పిడి వెనకనున్న గోడకు ఎంత దూరంలో ఆగుతుందో.
- తలుపు ఎటు తెరుచుకుంటుంది, బందులు ఎడమా కుడా.

చివరి రెండూ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పిడి పొడవు ఎక్కువై గోడకు కొట్టుకుంటే తలుపు ముప్పావు వంతే తెరుచుకుంటుంది. ఎడమ చేతి లాచ్ కుడి తలుపుకి తెస్తే నాలుక వాలు తిరగబడుతుంది. కొన్ని రకాల్లో నాలుక తీసి తిప్పి పెట్టుకోవచ్చు, అన్నింటిలో కుదరదు.

3. ఏ రకం లాచ్ కొనాలి

ఇంటి తలుపు నాబ్ తెచ్చి పెట్టకండి. ధర తక్కువే, కానీ లోపలి స్ప్రింగు మామూలు ఉక్కు. ఉప్పుగాలిలో మొదట పోయేది అదే. పైగా ఇంటి లాచ్ గొట్టానికి తలుపు అంచులో 22 నుంచి 25 మి.మీ. రంధ్రం కావాలి. మన తలుపు మందమే 19.

పాత లాచ్ వెనక అసలు లోపం కూడా అక్కడే ఉంది. 19 మి.మీ. చెక్కలో 12 మి.మీ. గూడు తవ్వితే రెండు వైపులా మిగిలేది మూడున్నర మిల్లీమీటర్లు. ఒరిగిన బోటులో మనిషి తూలి తలుపు మీద పడితే ఆ పలుచని గోడ చీలుతుంది. మాదీ చీలే ఉంది.

అందుకే పలుచని తలుపుకి నా ఓటు రిమ్ లాచ్‌కే. దీని పెట్టె తలుపు ముఖం మీద కూర్చుంటుంది, అంచు తవ్వక్కర్లేదు. చదరపు కడ్డీ ఒక్కటే తలుపులోంచి రెండో వైపుకి వెళ్తుంది. చూడటానికి కొంచెం మొరటుగా ఉంటుంది, నిజమే. పనికి మాత్రం గట్టిది, రేపు పాడైనా నాలుగు స్క్రూలతో చేతిలోకి వస్తుంది.

మిగతా రకాల గురించి క్లుప్తంగా: నొక్కితే బయటికి వచ్చే పుష్‌బటన్ లాచ్ అల్మరాలకు బాగుంటుంది. హెడ్ తలుపుకైతే రెండు వైపుల నుంచీ పనిచేసే రకమని రూఢి చేసుకున్నాకే కొనండి. అయస్కాంతం క్యాచ్ వద్దు. అలల కుదుపుకి వదిలేస్తుంది, దిక్సూచి దగ్గరుంటే దాన్నీ తప్పు చూపిస్తుంది. గుండు క్యాచ్, రోలర్ క్యాచ్ ఒడ్డున బాగా పట్టుకుంటాయి, ఒరిగినప్పుడు తలుపు బరువుకి ఊడిపోతాయి.

కొనేటప్పుడు ఈ నాలుగు చూసుకోండి:

- లోపలి భాగాలతో సహా 316 స్టెయిన్‌లెస్, కంచు, లేదా మంచి ఇత్తడి. పైపూత చూసి మోసపోకండి. బోటు సామాను లాచ్ అయినా పెట్టె మూత విప్పి లోపల చూడండి.
- గుండ్రటి నాబ్ కాకుండా లీవర్ పిడి. తడి చేతికీ, పెద్దవాళ్ల వేళ్లకూ పట్టు దొరికేది లీవరే. దాని చివర లోపలికి వంగి ఉండాలి, లేకపోతే చొక్కా జేబూ లైఫ్‌జాకెట్ పట్టీ తగులుకుంటాయి.
- రెండు వైపుల నుంచీ తెరవగలగాలి.
- లోపల వేసుకునే గడియ ఉంటే, దాన్ని బయటి నుంచి నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి తీయగలిగేలా ఉండాలి.

చివరి రెండింటిలో నేను రాజీపడను. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే తలుపు బద్దలు కొట్టే పరిస్థితి రాకూడదు. మీ తలుపు లోపలికి తెరుచుకునేదైతే పడ్డ మనిషే తలుపుకి అడ్డం అవుతారు. అలాంటి తలుపుని బయటి నుంచి ఎలా తీయాలో ముందే చూసుకోండి.

4. సామాను, క్యాబిన్ సిద్ధం చేసుకోవడం

- బ్యాటరీ డ్రిల్లు. జెట్టీ మీద కరెంటు తీగ లాక్కుని నీళ్ల పక్కన పనిచేయొద్దు.
- 3 మి.మీ., 14 మి.మీ. బిట్లు, పాత రంధ్రం కన్నా ఒక సైజు పెద్ద హోల్‌సా (డ్రిల్లుకి తగిలించి గుండ్రటి రంధ్రం కోసే రంపం)
- పదునైన ఉలి, సన్న ఆకురాయి, మూలమట్టం
- స్క్రూ తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు
- పాత స్క్రూలను వేడి చేయడానికి సోల్డరింగ్ ఐరన్
- ఎపాక్సీ, దాన్ని చిక్కబరిచే కొలాయిడల్ సిలికా పొడి, నైట్రైల్ గ్లవ్స్, అసిటోన్
- తలుపు కర్రకు దగ్గరి రంగు టేకు ముక్క, రెండు క్లాంపులు
- మాస్కింగ్ టేప్, పాత తువ్వాళ్లు, చిన్న వాక్యూమ్
- కాటుక. ఎందుకో 8వ అంకెలో చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు క్యాబిన్ తలుపులూ హాచ్‌లూ (పైకప్పు మూతలు) తెరిచి గాలి ఆడనివ్వండి. పెట్రోలు వాసనగానీ వంట గ్యాసు వాసనగానీ ఉంటే డ్రిల్లు ముట్టుకోవద్దు. దాని మోటారులోంచి నిప్పురవ్వ రావచ్చు. టేకు పొడి కొందరికి ఒళ్లంతా దురద పెడుతుంది కాబట్టి మాస్కు వేసుకోండి.

నేల మీది బిల్జ్ పలకలన్నీ మూసి, సందుల మీద టేప్ వేసి, పైన తువ్వాలు పరవండి. 316 స్టెయిన్‌లెస్ స్క్రూ బిల్జ్‌లో పడితే అయస్కాంతం దాన్ని పట్టుకోదు. చెక్క పొట్టు పడితే బిల్జ్ పంపు గొంతులో అడ్డుపడుతుంది. అయిదు నిమిషాల పని, మానొద్దు.

5. పాత లాచ్ తీయడం

తలుపు తెరిచి, ఊగకుండా ఒక తాడుతో కట్టేయండి. నాబ్ మెడ మీద కంటికి కనపడనంత చిన్న స్క్రూ ఉంటుంది, ముందు అది వదులు చేయాలి. దాని మీద ఆకుపచ్చ తుప్పు పేరుకుని ఉంటే సూదితో గీరి, చొచ్చుకుపోయే నూనె ఒక చుక్క వేసి పావుగంట ఆగండి.

పాత స్క్రూ రానంటే బలం పెట్టకండి. ముందు దాని గాడిని సూదిమొనతో శుభ్రం చేయండి. సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద ఒక నిమిషం ఆనించి, చల్లారాక ప్రయత్నించండి. వేడికి సాగి చల్లారాక కుదించుకున్న స్క్రూ చెక్క పట్టు వదులుతుంది. ముందు అరచుట్టు బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పండి. అప్పటికీ తల అరిగిపోతే డ్రిల్లుతో తలను తొలిచేసి లాచ్ లాగేయండి. మిగిలిన కాడను పట్టకారుతో తిప్పి తీయొచ్చు.

నాలుక పెట్టెను అంచు నుంచి లాగేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పక్కకు తెడ్డేయొద్దు. పైపొర చెక్క ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, లేచిపోతుంది. కడ్డీ రంధ్రంలో మేకు దూర్చి నేరుగా అంచు వైపు లాగండి.

కొత్తది నీటి మీద నెగ్గేదాకా పాత లాచ్ పారేయకండి. దాని కొలతలు మళ్లీ అవసరమవుతాయి.

6. పాత గూడు, పాత రంధ్రం పూడ్చడం

మొత్తం పనిలో దీనికే ఎక్కువ ఓపిక కావాలి. చాలామంది పాత రంధ్రాన్ని కొత్త లాచ్ పలక కింద దాచేసి ముందుకు పోతారు. లోపల ఖాళీ ఉన్న అంచు మీద స్క్రూ పట్టదు, తెరిచి ఉన్న ప్లైవుడ్ పొరలు చెమ్మ తాగుతూనే ఉంటాయి. ఏడాదికల్లా అక్కడ చెక్క నల్లబడుతుంది.

ముందు గూట్లోకి వేలు పెట్టి చూడండి. చెక్క మెత్తగా, తడిగా తగిలితే రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. తడి చెక్కకు ఎపాక్సీ పట్టదు. మెత్తబడ్డ భాగాన్ని ఉలితో గట్టి చెక్క తగిలేదాకా తీసేయండి.

అంచులోని గూటికి టేకు ముక్కను వదులుగా పట్టేంత సైజులో కోయండి. నాబ్ రంధ్రానికి గుండ్రటి బిళ్ల కావాలి. పాత రంధ్రం అంచులు చిందరవందరగా ఉంటాయి కాబట్టి ఒక సైజు పెద్ద హోల్‌సాతో దాన్ని గుండ్రంగా చేయండి.

మధ్యలో చెక్క లేదు, మరి హోల్‌సా మధ్య బిట్టు దేన్ని పట్టుకుంటుంది? దీనికి ఉపాయం ఉంది. ఒక ప్లైవుడ్ ముక్కలో అదే హోల్‌సాతో రంధ్రం చేసి, ఆ ముక్కను తలుపు మీద సరైన చోట క్లాంపులతో బిగించండి. ఇప్పుడు మధ్య బిట్టు తీసేసి, ఆ రంధ్రాన్నే దారిగా పట్టుకుని హోల్‌సాను దించండి. పక్కకు జారదు.

తర్వాత:

- టేకు సహజంగా జిడ్డు చెక్క. ముక్కనూ గూటినీ అసిటోన్‌తో తుడిచి, ఆరగానే ఆలస్యం చేయకుండా అతికించండి.
- తలుపుకి ఒకవైపు మాస్కింగ్ టేప్ గట్టిగా వేయండి.
- ముందు సిలికా పొడి కలపని ఎపాక్సీని బ్రష్‌తో గూడంతా పూయండి. చెక్క దాన్ని తాగుతుంది. అయిదు నిమిషాలు ఆగండి.
- మిగిలిన ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గట్టి కొబ్బరి పచ్చడిలా చేయండి. పుల్ల నిలువుగా ఎత్తితే జారకూడదు.
- దాన్ని గూట్లో నింపి, ముక్కను నెమ్మదిగా దూర్చండి. నాలుగు వైపులా కొద్దిగా పైకి ఉబికితే నిండుగా పడ్డట్టు.
- టేకు గీతలు తలుపు గీతల దిశలోనే ఉండేలా తిప్పి పెట్టండి.

ఎపాక్సీ పాళ్లు కంపెనీని బట్టి మారతాయి. కొన్ని అయిదుకి ఒకటి, కొన్ని రెండుకి ఒకటి. డబ్బా మీద ఉన్నదే పాటించండి. గట్టిపరిచే ద్రవం ఇంకొంచెం ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, అది ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది.

మా టెక్సస్ వేసవిలో మూసిన క్యాబిన్ మధ్యాహ్నానికి పొయ్యిలా ఉంటుంది. లోతు గ్లాసులో కలిపిన ఎపాక్సీ నిమిషాల్లో వేడెక్కి పొగలు కక్కుతుంది. నెమ్మదిగా ఆరే రకం తీసుకుని, వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా, పొద్దున్నే కలపండి.

ఒక రోజు వదిలేయండి. మర్నాడు పైన మైనంలాంటి పొర తగిలితే మామూలు నీళ్లతో పీచు పెట్టి కడిగి, తుడిచి, ఆ తర్వాతే సాండ్‌పేపర్ పట్టండి. పొర మీదే రుద్దితే అది లోపలికి పోతుంది, పైన వార్నిష్ నిలవదు. పైపొర పలచన అని చెప్పాను కదా, రుద్దడం ముక్క మీదే, తలుపు మీద కాదు.

బందుల స్క్రూ రంధ్రాలు వదులైతే అవి కూడా ఇదే రోజు ఎపాక్సీతో నింపేయండి.

7. కొత్త రంధ్రాలు వేయడం

రిమ్ లాచ్ పెట్టె తలుపు ఏ వైపుకి తెరుచుకుంటుందో ఆ వైపు ముఖం మీద కూర్చుంటుంది. మాది నడవ వైపు. లోపలివైపు లీవర్, బయటి నుంచి నాణెంతో తీయగలిగే గడియ మాత్రమే.

లాచ్‌తో వచ్చిన కాగితం అచ్చును నమ్మకండి. కాగితం సాగుతుంది, ముద్రణలో సైజు మారుతుంది. లాచ్ పెట్టెనే తలుపు మీద పెట్టి, మూలమట్టంతో నిటారుగా సరిచూసి, రంధ్రాల్లోంచి సూదిమొనతో గుర్తు పెట్టండి.

ఎత్తు విషయంలో నా అభిప్రాయం: పాత నాబ్ ఉన్న చోటే మళ్లీ పెట్టాలని లేదు. హెడ్‌లో కూర్చున్న మనిషి చేయి చాపితే అందేంత ఎత్తులో లీవర్ ఉంటే, అలల్లో లేచి నిలబడి తడుముకోవాల్సిన అవసరం ఉండదు. నేను 6 సెంటీమీటర్లు కిందికి దించాను.

కడ్డీ రంధ్రం సైజు ఆలోచించి వేయండి. 8 మి.మీ. చదరపు కడ్డీకి మూల నుంచి మూలకు 11 మి.మీ. పైనే ఉంటుంది. తిరగడానికి చోటు కావాలి, రెండు వైపుల నుంచి తొలిచినప్పుడు వచ్చే వెంట్రుకవాసి తేడా కూడా ఇముడ్చుకోవాలి. అందుకే 14.

రంధ్రం వేసే చోట రెండు వైపులా మాస్కింగ్ టేప్ అంటించండి. ముందు 3 మి.మీ. బిట్టుతో ఆరపార వేసి, తర్వాత పెద్ద బిట్టుతో ఒకవైపు నుంచి సగం, రెండోవైపు నుంచి సగం తొలవండి. ఒకేవైపు నుంచి పూర్తిగా పోతే బిట్టు బయటపడేచోట పైపొర పెచ్చులుగా లేస్తుంది.

8వ నంబరు స్క్రూలకు టేకులో 3 మి.మీ. రంధ్రం ముందుగా వేయాలి. బిట్టు మీద టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. 19 మి.మీ. తలుపులో 20 మి.మీ. స్క్రూ మొన అవతలివైపు పొడుచుకొస్తుంది. పెట్టె మందం కలుపుకుని లెక్క వేయండి.

తొలిచిన ప్రతి రంధ్రం లోపలి గోడకు సన్న బ్రష్‌తో రెండు పూతలు ఎపాక్సీ వేయండి. ప్లైవుడ్ నీళ్లు తాగేది ముఖం మీద నుంచి కాదు, కోసిన అంచు నుంచి.

8. బిగించడం, కీపర్ సరిచేయడం

లాచ్ పెట్టె పెట్టి స్క్రూలన్నీ సగం సగం ఎక్కించండి. లీవర్ తిప్పి చూడండి. స్వేచ్ఛగా తిరిగితే ఒక మూల, దాని ఎదురు మూల, అలా మార్చి మార్చి బిగించండి. ప్రతి స్క్రూ బిగించాక మళ్లీ లీవర్ తిప్పండి. ఎక్కడ బిగుసుకుందో అక్కడే తెలుస్తుంది. బిగింపు చేత్తోనే, డ్రిల్లుతో కాదు.

ఇప్పుడు కాటుక. నాలుక చివర పలచగా రాసి, లీవర్ పట్టుకుని నాలుక లోపలికి లాగి, తలుపు మామూలుగా మూసి, లీవర్ వదిలేయండి. తెరిచి చూస్తే చట్రం మీద నల్లగా అచ్చు పడి ఉంటుంది. నాలుక ఎక్కడ తగులుతోందో కొలత టేపు కన్నా అదే సరిగ్గా చెబుతుంది. మా ఆవిడ డబ్బీలోంచి తీసుకెళ్లాను. పెన్సిల్ కన్నా, సుద్ద కన్నా స్పష్టంగా పడుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఆ అచ్చు కీపర్ గూటి మధ్యలోకి వచ్చేలా కీపర్‌ను ఒక్క స్క్రూతో తాత్కాలికంగా నిలబెట్టండి. కోలగా ఉన్న రంధ్రం ఉంటే అందులోనే, ఎందుకంటే అటూ ఇటూ జరుపుకోవచ్చు. నాలుక కనీసం 8 మి.మీ. కీపర్ లోపలికి వెళ్లాలన్నది నేను పెట్టుకున్న లెక్క. చట్రం రెండు మిల్లీమీటర్లు జరిగినా అప్పుడు పట్టు తప్పదు.

అదే కారణంగా కీపర్ గూడు నాలుక కన్నా పైనా కిందా 2 మి.మీ. చొప్పున వదులుగా ఉండాలి. చాలకపోతే ఆకురాయితో సాన పట్టండి. ఇంటి తలుపుకి ఇంత వదులు ఉంటే టకటకా కొట్టుకుంటుంది. బోటులో ఆ వదులు లేకపోతే మనిషి లోపల ఇరుక్కుంటాడు. చప్పుడు పోవాలంటే తలుపు ఆనే పట్టీ మీద పలచని నియోప్రీన్ (మెత్తటి రబ్బరు) ముక్క అంటించండి. అది తలుపును మెత్తగా వెనక్కి నెడుతూ నాలుకను కీపర్‌కి ఆనించి ఉంచుతుంది.

క్యాబిన్ లోపలి తలుపుకి సీలెంట్ అక్కర్లేదు. ఎవరైనా గట్టిగా ఉంటుందని 3ఎం 5200 రాయమంటే వినకండి. అది శాశ్వతంగా అతికించే జిగురు. ఈసారి లాచ్ తీయాలంటే పైపొర చెక్క కూడా దాంతో పాటే వస్తుంది.

తలుపును తెరిచి ఉంచే కొక్కెం కూడా ఇదే సమయంలో పెట్టేయండి. తెరిచిన తలుపు అలలకు అటూ ఇటూ కొట్టుకుంటే కొత్త లాచ్ ఎక్కువకాలం ఉండదు, ఎవరి వేళ్లో నలుగుతాయి కూడా.

9. పరీక్ష: జెట్టీ దగ్గర, తర్వాత నీటి మీద

జెట్టీ దగ్గర:

- తలుపు మెల్లగా నెడితే చాలు, నాలుక దానంతట అది పడుతోందా?
- లోపలి నుంచి ఒక్క చేత్తో, కళ్లు మూసుకుని తెరవగలుగుతున్నారా?
- లోపల గడియ వేసి, బయటి నుంచి నాణెంతో తీయగలుగుతున్నారా?
- ఇంట్లో అందరికన్నా చేతి బలం తక్కువున్నవాళ్లు ఇదంతా చేయగలుగుతున్నారా?

నీటి మీద: గాల్వెస్టన్ బే లోతు తక్కువ కాబట్టి కాస్త గాలికే పొట్టి అలలు దగ్గర దగ్గరగా లేస్తాయి, పరీక్షకు అలాంటి రోజే మంచిది. బోటు కుడికి ఒరిగినప్పుడు ఒకసారి, ఎడమకి ఒరిగినప్పుడు ఒకసారి తలుపు వేసి తీయండి. తలుపు బరువంతా లాచ్ మీద పడే వైపు ఏదో చూసుకుని, అటు ఒరిగి ఉండగా పది నిమిషాలు వదిలేయండి. ఈ పరీక్షలన్నీ ఇంకో మనిషి స్క్రూడ్రైవర్‌తో బయట నిలబడి ఉండగా చేయండి.

కీపర్ మిగతా స్క్రూలు బిగించేది దీని తర్వాతే.

10. ఎక్కువమంది చేసే తప్పులు, సరిదిద్దే దారి

ఒరిగినప్పుడు ఒకవైపే బిగుసుకుంటోంది. కాటుక పరీక్ష ఆ ఒరుగులోనే మళ్లీ చేయండి. కీపర్ గూటిని అచ్చు పడిన వైపు సాన పట్టండి. తలుపు అంచే తగులుతుంటే అక్కడ మాత్రమే ఒక మిల్లీమీటరు చిత్రిక పట్టి, కోసిన అంచుకి ఎపాక్సీ పూసి, పైన వార్నిష్ వేయండి.

లీవర్ కిందికి వేలాడుతోంది. లోపలి స్ప్రింగు లీవర్ బరువుకి చాలడం లేదు, లేదా కడ్డీ రంధ్రం గోడకు తగులుతోంది. పెట్టె ఒక మిల్లీమీటరు జరిపి చూడండి. అప్పటికీ వేలాడితే ఆ లాచ్ వాపసు ఇచ్చేయండి.

స్క్రూ తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు. లావు స్క్రూ ఎక్కించకండి. రంధ్రాన్ని ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ 3 మి.మీ. వేయండి. లాచ్ పెట్టె దగ్గరైతే ఆరపార బోల్టు ఇంకా మేలు.

నాలుక పడ్డాక కూడా తలుపు ఆడుతోంది. కీపర్‌ను లోపలికి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపండి, లేదా నియోప్రీన్ ముక్క మందం పెంచండి.

కొత్త లాచ్‌కి నెలలోనే గోధుమరంగు మరకలు. అది తరచుగా చెక్క పొడిలోనో డ్రిల్లు బిట్టులోనో ఉన్న ఇనుప రజను అంటుకుని పట్టిన తుప్పు. మంచినీళ్లతో, నైలాన్ పీచుతో రుద్దండి. ఇనుప పీచు వాడితే ఇంకా పెరుగుతుంది.

11. పైకి ఎక్కే ద్వారం తలుపు అయితే

బోటు నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్ నుంచి క్యాబిన్‌లోకి దిగే కంపానియన్‌వే తలుపుకి లాచ్ మారుస్తున్నవాళ్లు రెండు మార్పులు చేసుకోవాలి. అక్కడ వానా అలా నేరుగా తగులుతాయి కాబట్టి ప్రతి స్క్రూ కింద నీళ్లు చొరకుండా ఆపే బ్యూటైల్ టేప్ ఉండాలి. లాచ్ లోపలి నుంచీ బయటి నుంచీ తప్పకుండా తీయగలగాలి. సముద్రపు రేసులకు వరల్డ్ సెయిలింగ్ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన నిబంధనలు ఆ ద్వారం బిగింపు రెండు వైపుల నుంచీ, బోటు తిరగబడినప్పుడు కూడా పనిచేయాలంటాయి. మనం రేసులకు వెళ్లకపోయినా అది పాటించదగ్గ కొలమానం. లోపల మనుషులు ఉండగా బయటి నుంచి తాళం వేసే అలవాటు అసలు వద్దు.

12. నెల తర్వాత, ఆపైన

- నెల తిరిగాక స్క్రూలన్నీ ఒకసారి చేత్తో బిగించి చూడండి. కొత్త చెక్క ముక్క కొంచెం సర్దుకుంటుంది.
- రెండు మూడు నెలలకోసారి తడిగుడ్డతో ఉప్పు తుడిచి, నాలుక మీద పొడి టెఫ్లాన్ స్ప్రే కొట్టండి. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి సరే, నిలిచి ఉండే కందెన కాదు.
- ష్రౌడ్‌లు బిగించినా వదులు చేసినా ఆ రోజే తలుపు పరీక్ష మళ్లీ చేయండి.
- బోటు ఎక్కిన ప్రతి కొత్త మనిషికీ, లైఫ్‌జాకెట్ ఎక్కడుందో చూపించేటప్పుడే ఈ తలుపు లోపలి నుంచి ఎలా తీయాలో కూడా వాళ్ల చేతే ఒకసారి తీయించండి. పోయిన సంక్రాంతికి అత్తయ్యగారు మళ్లీ వచ్చినప్పుడు లోపలికి వెళ్లి, గడియ వేసి, తీసి, మూడుసార్లు అలా చేసి చూసుకున్నాకే జెట్టీ తాళ్లు విప్పనిచ్చారు.